మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ వింటుంటే చెవులెందుకు అలసిపోతాయి? లోపం హెడ్‌ఫోన్లదా, ఆల్బమ్‌దా?

ఆల్బమ్‌దే. అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా 2008లో తెచ్చిన ఈ ఆల్బమ్‌ని సౌండ్ పెంచే యావలో పగిలినట్టు వినిపించేదాకా నలిపేశారు. హెడ్‌ఫోన్లు మార్చానని, ఫోన్ మార్చి కూడా చూశానని ప్రశ్నలో రాశారు. ఇక డబ్బు తగలేయకండి. ఇంకా మంచి హెడ్‌ఫోన్లు కొంటే ఆ పగులు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే. సౌండ్ తగ్గించినా పోదు. స్టూడియోలో మిక్స్ పూర్తయ్యేసరికే అది ఫైల్లోకి ఎక్కేసింది.

పాటల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2003 నాటి ‘సెయింట్ యాంగర్’లో గిటార్ సోలోలు లేవు, స్నేర్ డ్రమ్ చూస్తే రేకుడబ్బా మీద కొట్టినట్టుంది. ఆ తర్వాత బాబ్ రాక్ స్థానంలోకి నిర్మాతగా రిక్ రూబిన్ వచ్చాడు. మెటాలికా స్టూడియో ఆల్బమ్‌లో బేస్ వాయించడం రాబర్ట్ ట్రుహీయోకి ఇదే మొదలు. సోలోలు తిరిగొచ్చాయి. 2008 సెప్టెంబర్ 12న విడుదలైతే అమెరికాలో మూడు రోజుల్లోనే 4,90,000 కాపీలు అమ్ముడై బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానంలో కూర్చుంది. ‘మై అపోకలిప్స్’ పాటకు గ్రామీ కూడా వచ్చింది. ఇంత మంచి వాయింపుని అలా నలిపేశారే అన్నదే బాధ.

ఈ సంగతి బయటపడింది ఒక వీడియో గేమ్ వల్ల. సీడీతో పాటే ఆల్బమ్ మొత్తాన్ని ‘గిటార్ హీరో 3’లో డౌన్‌లోడ్‌గా ఇచ్చారు. ఆ గేమ్‌లో ఆడేవాడు నోట్ తప్పితే గిటార్ ఒక్కటే ఆగాలి, డ్రమ్స్ మాత్రం సాగుతూనే ఉండాలి. అందుకే గేమ్ కంపెనీకి వాద్యాలని విడివిడి ట్రాకులుగా ఇవ్వాల్సి వచ్చింది. మొత్తం మిక్స్ మీద చివర్లో వేసిన ఆ భారీ లిమిటింగ్ (శిఖరాలను నొక్కి మొత్తం సౌండ్ పెంచడం) వాటికి తగల్లేదు. అభిమానులు గేమ్ ఆడియోని రికార్డ్ చేసి, సీడీ పాట కింద పెట్టి ఒకే తెరమీద చూశారు. పైన సీడీది మొదటి నుంచి చివరిదాకా సందు లేకుండా నింపేసిన ఒక పట్టీ. కింద గేమ్‌ది, ప్రతి స్నేర్ దెబ్బా విడిగా లేచి నిలబడింది. రెండింటి మధ్య లౌడ్‌నెస్ తేడా పది డెసిబెల్స్‌కి దగ్గర్లో ఉంది. సౌండ్ సమానం చేసి వింటే బరువుగా తగిలేది గేమ్ వెర్షనే! మళ్ళీ మిక్స్ చేసి విడుదల చేయమంటూ పెట్టిన ఆన్‌లైన్ పిటిషన్‌కి పదివేలకు పైగా సంతకాలు పడ్డాయి. మాస్టరింగ్ (విడుదలకి ముందు చివరి మెరుగు) చేసిన టెడ్ జెన్సెన్ ఒక అభిమానికి రాసిన జవాబు బయటికొచ్చింది. మిక్సులు తన చేతికి వచ్చేసరికే గోడలా చదునుగా లిమిట్ అయి ఉన్నాయన్నది దాని సారాంశం. అందుకే మాస్టరింగ్ ఇంజినీర్‌ని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

లోపల జరిగేది ఇది. సీడీలో ఒక శాంపిల్ (క్షణక్షణం అల ఎత్తుని కొలిచిన అంకె) విలువ 32,767 దాటడం కుదరదు. స్నేర్ దెబ్బ తొలి కొన్ని మిల్లీసెకన్లలోనే ఎత్తుకి వెళ్ళి పడిపోతుంది, దెబ్బ ‘తగిలింది’ అనిపించేది ఆ ఎత్తే. మొత్తం పాటని పైకి నెట్టడానికి లిమిటర్ ముందు ఆ ఎత్తునే నొక్కేస్తుంది. ఇంకా నెడితే వంపు తిరగాల్సిన అల తల తెగి బల్లపరుపు అవుతుంది. అక్కడ డ్రమ్‌లో లేని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. వాటిలో కొంత భాగం మన చెవికి అన్నిటికన్నా పదునుగా వినిపించే 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది. అరగంటకే చెవులు అలసిపోయేది అందుకే. శిఖరాలకీ సగటు సౌండ్‌కీ తేడా కొలిచే డైనమిక్ రేంజ్ మీటర్ మీద ఈ సీడీ 3 చూపిస్తుంది. వాళ్ళదే 1991 నాటి నల్ల అట్ట ఆల్బమ్ పదికి పైనే ఉంటుంది.

నా మాట నమ్మక్కర్లేదు, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో చూసుకోండి. సీడీ నుంచి నేరుగా తీసిన వేవ్ లేదా ఫ్లాక్ ఫైలే వాడండి, ఎంపీ3 వద్దు. ఎంపీ3గా మార్చినప్పుడు శిఖరాల ఆకారం కూడా మారిపోతుంది. ‘ది డే దట్ నెవర్ కమ్స్’ తెరిచి, రెండో సగంలో వేగం అందుకున్న చోటు పట్టుకుని, శాంపిళ్ళు చుక్కలుగా కనపడేదాకా జూమ్ చేయండి. వరుసగా కొన్ని చుక్కలు ఒకే ఎత్తులో గీత గీసినట్టు ఉంటే అది క్లిప్పింగ్. ఎనలైజ్ మెనూలో ‘ఫైండ్ క్లిప్పింగ్’ కూడా ఉంది గానీ దాని మీదే ఆధారపడకండి. క్లిప్ అయిన ఫైల్‌ని తర్వాత 0.1 డెసిబెల్ తగ్గించినా ఆ పరికరానికి ఏమీ దొరకదు. మన కంటికి మాత్రం తెగిన తలలు అలాగే కనిపిస్తాయి.

రెండు వెర్షన్లు పోల్చాలంటే ముందు ఆడాసిటీలోని ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’తో రెండింటినీ మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (వినిపించే లౌడ్‌నెస్‌కి కొలత) తెండి. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి పెద్ద సౌండ్‌కే ఓటేస్తుంది. సమానం చేయకుండా ‘సీడీయే బాగుంది’ అనేవాళ్ళ తీర్పుకి విలువ లేదు.

ఆడాసిటీలోనే ఉండే ‘క్లిప్ ఫిక్స్’తో బాగుచేయొచ్చా అంటే, కొంతవరకే. థ్రెషోల్డ్ 95 శాతం, తగ్గింపు మైనస్ 9 డెసిబెల్స్ దగ్గర ఉంచి నడిపితే తెగిన తలల స్థానంలో ఊహించిన వంపు గీస్తుంది, గరగర కాస్త తగ్గుతుంది. లిమిటర్ మింగేసిన దెబ్బ మాత్రం తిరిగి రాదు.

ఇంట్లో మిక్స్ చేసి యూట్యూబ్‌లో కవర్ సాంగ్స్ పెట్టే మన కుర్రాళ్ళకి ఇక్కడే ఒక మాట చెప్పాలి. మాస్టరింగ్‌కి పంపే ఫైల్లో మాస్టర్ బస్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి చానల్) మీది లిమిటర్ తీసేయండి. 24 బిట్ వేవ్‌లో శిఖరాలు మైనస్ 6 నుంచి మైనస్ 3 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు. లిమిటర్ ఉంచేసి, దాని తర్వాత ఫేడర్ తగ్గించి ‘హెడ్‌రూమ్ (శిఖరాల పైన ఖాళీ) వదిలాం’ అనుకోవడం వృథా, నలిగిన ఆకారం నలిగినట్టే ఉంటుంది. లిమిటర్ వేసిన కాపీ కావాలంటే రిఫరెన్స్‌గా విడిగా పంపండి. మాస్టర్ పూర్తయ్యాక ట్రూ పీక్ (శాంపిళ్ళ మధ్య కూడా లెక్కేసిన అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి, ఎందుకంటే ఏఏసీ ఫార్మాట్‌కి మార్చేటప్పుడు శిఖరాలు మళ్ళీ కొంచెం లేస్తాయి. యూట్యూబ్, స్పాటిఫై రెండూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ ప్రాంతానికి సౌండ్ తగ్గించేస్తాయి కాబట్టి నలిపి సంపాదించిన ఆ లౌడ్‌నెస్ వినేవాడిదాకా చేరదు కూడా.

‘మెటల్ అంటే లౌడ్‌గానే ఉండాలి కదా’ అనేవాళ్ళకి అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన గన్స్ ఎన్ రోజెస్ ‘చైనీస్ డెమొక్రసీ’ వినిపించండి. మాస్టరింగ్ ఇంజినీర్ బాబ్ లుడ్విగ్ మూడు రకాల మాస్టర్లు ఇస్తే లౌడ్‌నెస్ కోసం కంప్రెషన్ కలపనిదాన్నే ఎంచుకున్నారు. వాల్యూమ్ నాబ్ వినేవాడి చేతిలోనే ఉంది, కావాలంటే వాడే తిప్పుకుంటాడు.

ఇప్పుడు ఏ కాపీ వినాలంటే, 2008 సీడీ జోలికి పోకండి. 2015లో ఐట్యూన్స్ కోసం మళ్ళీ మాస్టర్ చేసిన వెర్షన్ దానికంటే ఊపిరాడేట్టు ఉంటుంది. ఎల్పీ కొనాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. నలిగిన మిక్స్ నుంచే కట్ చేసి ఉంటే వినైల్ మీద కూడా అదే పగులు వస్తుంది. మీటర్ రీడింగ్ మెరుగ్గా కనిపించినా నమ్మొద్దు, ఒకే మాస్టర్‌ని ఎల్పీ నుంచి కొలిస్తే ఆ అంకె ఎలాగూ పెరిగి కనిపిస్తుంది.