సర్పంచ్ అయిన మేనకోడలికి: ముందు చెరువు పని చూడు

చిరంజీవి బిడ్డకు మామ ఆశీస్సులు.

నువ్వు గెలిచినప్పటి నుంచి ఫోన్‌లో మాట్లాడదామంటే నీ చుట్టూ జనం, మాట పూర్తి కావడం లేదు. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువుకో.

ఇక నుంచి నీ దగ్గరికి రకరకాల పేర్లతో కాగితాలు వస్తాయి. నర్సరీ, మొక్కలు, ఇంకుడు గుంతలు, తడి చెత్త పొడి చెత్త, చెక్‌డ్యాం, పూడికతీత. అన్నీ మంచి పనులే, కానీ అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఏదీ నిలబడదు. పని మొదలుపెట్టడానికి ప్రభుత్వం డబ్బిస్తుంది, మొదటి ఏడాది ఫొటోలు అడుగుతుంది. మూడో ఏడాది ఆ పనిని ఎవరు చూసుకుంటారన్నది ఊరే తేల్చుకోవాలి. మంజూరు కాగితం మీద సంతకం పెట్టే ముందే ఆ మనిషి ఎవరో, అతనికి కూలి ఏ పద్దు నుంచి ఇస్తావో రాసిపెట్టుకో.

నా మాట విని ముందు చెరువు పని చూడు. మన ఊళ్లో బావులు, బోర్లు, చేపలు, గొర్లకు నీళ్లు, బతుకమ్మ, అన్నీ చెరువు ఉంటేనే. 2015 మార్చిలో సదాశివనగర్ పాత చెరువు దగ్గర చెరువులు బాగు చేసే మిషన్ కాకతీయ పథకం మొదలుపెట్టినప్పుడు తెలంగాణలో 46,531 చెరువులు, కుంటలు బాగు చేయాలనుకున్నారు. పూడిక తీసిన చాలా చెరువుల కింద బోర్లు మళ్లీ పోశాయి. కొన్ని మాత్రం ఎంత తవ్వినా నిండలేదు. ఎందుకంటే వాటికి నీళ్లు తెచ్చే కాలువలు మూసుకుపోయాయి.

కాబట్టి జేసీబీని పిలిచే ముందు నువ్వు నడవాలి. మనవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు మన చెరువుకు రావాలి. పై ఊరి మత్తడి దగ్గర మొదలుపెట్టి మన కట్ట దాకా కాలువ వెంబడే రా. సర్కారు తుమ్మ ఎక్కడ అల్లుకుంది, ఎవరు దున్ని చేనులో కలుపుకున్నారు, రోడ్డు వేసినప్పుడు ఎక్కడ బొత్తిగా చిన్న పైపు పెట్టి వదిలేశారు, ప్లాట్ల వెంచర్ వాళ్లు ఎక్కడ మట్టి పోశారు, అన్నీ ఫొటోలు తీయించు. పై ఊరి సర్పంచ్‌ను కూడా రమ్మను. ఇలాంటి పని ఒక ఊరితో కాదు. వెంట ఒక ముసలాయన్ని తీసుకుపో. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటి పని చేసిన ఇంటివాళ్లకు ఏ తూము కింద ఎంత పారేదో ఇప్పటికీ నోటికి వచ్చు.

ఇక పూడికతీత. ఆ పని జరిగే రోజుల్లో నువ్వు కట్ట మీద ఉండాల్సిందే. కట్టను ఆనుకుని తవ్వనివ్వకు, కట్ట అడుగు బలహీనపడి బుంగ పడుతుంది. తూము మట్టం కంటే లోతుకు పోయి గుంతలు పెడితే అందులో నిలిచిన నీళ్లు పొలానికి పారవు. నల్లటి ఒండ్రు అయిపోయి మొరం కనబడగానే మిషన్‌ను అక్కడ ఆపించి పక్కకు జరపమను. మొరం అమ్ముకునేవాళ్లకు చెరువుతో పని లేదు, లోడుతోనే పని. వాళ్లు గట్టిగా మాట్లాడతారు, పెద్దవాళ్ల పేర్లు చెబుతారు. నువ్వు గ్రామసభ తీర్మానం చూపించు.

ఒండ్రు మట్టి చల్క భూములకు బంగారం. ఎర్ర చల్కలో అది పడితే తడి ఎక్కువ రోజులు ఆగుతుంది, ఎరువు ఖర్చు తగ్గుతుంది. మిషన్ కాకతీయలో తవ్వడం ప్రభుత్వం ఖర్చు, తోలుకోవడం రైతు ఖర్చు అని పెట్టారు. పద్ధతి మంచిదే, కానీ ట్రాక్టర్ కిరాయి పెట్టుకోలేని ఎకరం, అరెకరం రైతు చూస్తూ ఉండిపోతాడు. అలాంటివాళ్ల జాబితా మహిళా సంఘాలతో తయారు చేయించి వాళ్లకు ముందు వంతు ఇవ్వు. ఏ ట్రాక్టర్, ఎన్ని ట్రిప్పులు, ఎవరి చేనుకు అన్నది కట్ట మీదే పుస్తకంలో రాయించు. ఇంటర్ చదివే పిల్లలకు ఆ పని అప్పగిస్తే శ్రద్ధగా చేస్తారు, ఎవరికీ మొహమాటపడరు.

శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, దాని సంగతి వేరే చెప్పాలి. చెరువు బాగుపడే కొద్దీ దాని అంచు మీద కన్ను పడుతుంది. ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడో ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు కలిసి కొలిచి రాళ్లు పాతాలి. నోటితో అడగకు, రాసి ఇచ్చి రసీదు తీసుకో. కబ్జా చేసినవాళ్లలో మనవాళ్లూ ఉంటారు, మీ పెదనాన్న వైపు వాళ్లూ ఉంటారు. వాళ్ల రాయి మొదట పాతించు, మిగతావాళ్లు మాట్లాడలేరు.

చెరువు నిండాక ఇంకో పంచాయితీ వస్తుంది. రైతులు తూము ఎత్తమంటారు, మత్స్య సంఘం వాళ్లు చేప ఎదిగే దాకా నీళ్లు ఉంచమంటారు. ఇద్దరిదీ న్యాయమే. వానాకాలం చివర్లోనే ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏ మట్టం కిందికి దించకూడదో తూము రాయి మీద పెయింట్‌తో గీత గీయించు. ఎండాకాలంలో గొడవ వచ్చాక కూర్చుంటే ఎవరూ వినరు.

మొక్కల విషయం. హరితహారం అన్నా, వనమహోత్సవం అన్నా టార్గెట్ వస్తుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటుంది, పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంటుంది. ఆ 10 శాతాన్ని గుంతలకు ఖర్చు పెట్టేయకు, ట్యాంకర్‌కు, కాపలాకు ఉంచు. మొక్క నాటడం ఒక్క రోజు పని. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు నీళ్లు పోయాలి, మేకల నుంచి కాపాడాలి. నర్సరీలో విత్తనం పడకముందే ఏ మొక్కలు కావాలో చెప్పు, వానలు పడ్డాక వెళ్తే ఉన్నవేవో అంటగడతారు. బాట పక్కన వేప, కానుగ, చింత, నేరేడు అడుగు. కోనోకార్పస్ వద్దు. కట్ట మీద రావి, మర్రి పెట్టనివ్వకు, వేర్లు కట్టను చీలుస్తాయి. కట్ట దిగువన ఈత, తాటి పెడితే మట్టిని పట్టి ఉంచుతాయి, గీత కార్మికులకూ ఆదరువు.

చెత్త గురించి ఎక్కువ రాయను. ట్రాక్టర్ రోజూ ఒకే వేళకు తిరిగితే జనం వాళ్లంతట వాళ్లే వేరు చేసి ఇస్తారు. సఫాయి వాళ్లకు జీతం నెల నెలా అందేలా చూడు.

ఇప్పుడు కష్టమైన మాట. చెరువు నిండినా అందరూ యాసంగిలో వరే వేస్తే ఫాల్గుణానికల్లా బోర్లు ఎండిపోతాయి. మహారాష్ట్రలో హివారే బజార్ అని కరువు ఊరు ఉండేది. సర్పంచ్‌గా పనిచేసిన పోపట్‌రావు పవార్ నాయకత్వంలో ఊరంతా ఏటా నీళ్ల లెక్క వేసుకుంటుంది. కురిసిన వాన, బావుల మట్టం కొలిచి, మనుషులకు, పశువులకు తాగునీరు పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి పంటలు తేల్చుకుంటారు. సాగుకు బోర్లు వేయకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. అది అక్కడి గొప్ప మాత్రమే అనుకోకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కరువు జిల్లాల్లో భూగర్భ జలాలను రైతులే చూసుకునే ఏపీఫామ్‌జీఎస్ ప్రాజెక్టు నడిచినప్పుడు మన రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి పంటల లెక్క గోడల మీద రాసుకున్నారు.

నువ్వు చిన్నగా మొదలుపెట్టు. బడి ఆవరణలో వాన కొలిచే పరికరం పెట్టించు. ఒక సెంటీమీటరు వాన పడితే ఎకరానికి నలభై వేల లీటర్లు పడినట్టు. పిల్లలు ఈ లెక్క ఇంట్లో చెబితే పెద్దలు వింటారు. ఊరికి నాలుగు దిక్కులా నాలుగు బావులు ఎంచుకుని నెలకోసారి మట్టం కొలిపించి పంచాయతీ గోడ మీద రాయించు. మొదటి ఏడాది ఎవరినీ వరి మానమని చెప్పకు, అంకెలు చూడనివ్వు. రెండో ఏడాది ఆరుతడి పంటల మాట ఎత్తు.

డబ్బు సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. చాలామంది సర్పంచులు అప్పు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక ఇల్లు గడవక ఇబ్బంది పడ్డారు. నువ్వు గాజులు తాకట్టు పెట్టకు. చేతిలో ఉన్న నిధులకే పని మొదలుపెట్టు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని నిబంధన పెట్టారు. మనకు వచ్చిన సొమ్ములో ఎంత మిగిలింది, దేనికి పోయిందన్నది కార్యదర్శితో లెక్క తీయించు. చెక్కు మీద నీతో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి కాబట్టి, అతను ఎదుటి వర్గమైనా కాలువ నడిచే రోజు వెంట తీసుకుపో. కళ్లతో చూసిన పనికి సంతకం ఆపడం కష్టం.

గ్రామసభ రెండు నెలలకోసారి తప్పనిసరి. మొదటి సభకు మూడు తీర్మానాలు చాలు: కాలువల తుమ్మ కొట్టించడం, ఎఫ్‌టీఎల్ కొలత కోరడం, బావుల మట్టం రాయడం. సభ జరిగే లోపు ఊరి నక్ష (పటం), శిఖం పహాణీ (భూమి రికార్డు) నకళ్లు తీసి పెట్టుకో. సర్వేయర్ వచ్చే తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, ముందు రోజు రాత్రికే వచ్చేస్తా.

మీ మామయ్య