గులాబీ మొదట్లో గడ్డలు: గుళికలు ఆపండి, కత్తి కడగండి

ప్రశ్న: గులాబీ వేసి ఏడాదిన్నర అయింది. కొన్ని మొక్కలు గిడసబారాయి, పూల సైజు తగ్గింది. పీకి చూస్తే మొదలు దగ్గర, అంటు కట్టిన చోట నిమ్మకాయంత గడ్డలున్నాయి. డీలర్ నులిపురుగులని చెబితే రెండుసార్లు గుళికలు వేశాం. తగ్గలేదు. ఇప్పుడు యాంటీబయాటిక్ పొడి కొట్టమంటున్నారు. బ్యాక్టీరియా మొక్కకు అతుక్కునే జన్యువును తీసేస్తే ఈ గడ్డలు రావని చదివాను. అలాంటి మందు ఉందా?

జవాబు: ముందు నులిపురుగుల మాట వదిలేయండి. అవి సోకితే పిల్లవేళ్లే ఉబ్బి పూసల్లా ముడులు కడతాయి. మీ ఫొటోలో పిల్లవేళ్లు శుభ్రంగా ఉన్నాయి. గడ్డేమో మొదలుకు పక్కగా, కాలీఫ్లవర్‌లా గరుకుగా పుట్టుకొచ్చింది. ముదిరినది నల్లబడి చెక్కలా పగిలింది. ఇది క్రౌన్ గాల్. అగ్రోబ్యాక్టీరియం అనే నేల బ్యాక్టీరియా తెచ్చేది. గుళికలకు పెట్టిన డబ్బు వృథా.

మీరు చదివింది నిజమే, కానీ ప్రయోగశాల వరకే. ఈ బ్యాక్టీరియాలో సీహెచ్‌వీఏ, సీహెచ్‌వీబీ అని రెండు జన్యువులున్నాయి. సీహెచ్‌వీబీ ఒక రకం చక్కెర గొలుసును తయారు చేయిస్తుంది, సీహెచ్‌వీఏ దాన్ని బ్యాక్టీరియా లోపలి పొర దాటిస్తుంది. రెండిట్లో ఏది చెడినా బ్యాక్టీరియా మొక్క కణాన్ని సరిగా పట్టుకోలేదు, గడ్డ రాదు. పట్టుకున్నాక సెల్యులోజ్ పోగులు అల్లుకుని గట్టిగా పాతుకుంటుంది. ఆ పోగుల జన్యువులు పోతే నీళ్లతో సులువుగా ఊడుతుంది గానీ, రోగం మాత్రం తెస్తూనే ఉంటుంది. అంటే అసలు కీలకం ఆ మొదటి పట్టే. పొలంలో ఉన్న బ్యాక్టీరియాలోంచి జన్యువు తీసే మందు లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి.

యాంటీబయాటిక్ ఎందుకు వద్దంటే, అతుక్కున్న బ్యాక్టీరియా తన డీఎన్ఏ ముక్క ఒకటి మొక్క కణంలోకి దింపుతుంది. ఆ ముక్క ఆక్సిన్, సైటోకైనిన్ అనే పెరుగుదల హార్మోన్లను మొక్క చేతే అతిగా చేయిస్తుంది. ఇక బ్యాక్టీరియా మొత్తం చచ్చినా గడ్డ పెరుగుతూనే ఉంటుంది. ఆకుల మీద పొడి కొట్టి ఏం లాభం? డీలర్‌కు ఈ తేడా తెలియదనుకోవాలా, తెలిసీ అమ్ముతున్నారనుకోవాలా?

ఈ బ్యాక్టీరియాకు పట్టు దొరికేది పచ్చి గాయం దగ్గరే. కాబట్టి నేనడిగేది మీ అంటు కత్తి, సికేచర్ (కొమ్మల కత్తెర), పార గురించి. ఒక మొక్క కోసి అదే కత్తితో రెండోదాన్ని కోస్తున్నారా? అయితే రోగాన్ని మీరే పంచుతున్నారు. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ ఒక పాలు, నీళ్లు 9 పాళ్లు కలపండి. కత్తికి అంటిన మట్టి తుడిచి, మొక్కమొక్కకూ ఒక నిమిషం ముంచండి. మట్టి ఉంటే బ్లీచ్ పనిచేయదు. ద్రావణం ఏ రోజుది ఆ రోజే కలపాలి. పని అయ్యాక కత్తిని కడిగి ఆరబెట్టండి, లేకపోతే తుప్పు పడుతుంది. బ్లీచ్ ఇష్టం లేకపోతే 70 శాతం ఆల్కహాల్ వాడండి. మొదళ్ల దగ్గర పారతో కలుపు గీకడం మానేయండి, చేత్తో పీకండి.

గడ్డలున్న మొక్కలను వేళ్లతో సహా తవ్వి కాల్చేయండి. గడ్డ చెక్కి ఏదో లేపనం పూయడం వద్దు, అది ఇంకో గాయమే. ఆ గుంతల్లో మళ్లీ గులాబీ పెట్టొద్దు. మూడు నాలుగేళ్లు మొక్కజొన్నో జొన్నో వేయండి, వాటికి ఈ రోగం రాదు.

కె-84 అనే మేలు చేసే బ్యాక్టీరియా దొరికితే, కొత్త మొక్కల వేళ్లను కత్తిరించిన వెంటనే, ప్యాకెట్ మీద రాసిన కొలతలో దాన్ని కలిపిన నీళ్లలో ముంచి, ఎండ తగలకుండా అప్పటికప్పుడే నాటండి. క్లోరిన్ నీళ్లలో కలపకండి. ఇది ముందుజాగ్రత్తకే, ఉన్న గడ్డను కరిగించదు. ద్రాక్షలో వచ్చే రకం మీద ఇది పనిచేయదు కూడా.

కొత్త మొక్కలు తెచ్చేటప్పుడు గోనె విప్పి మొదలు, అంటు చోటు వేలితో తడిమి చూడండి. కట్టలో ఒక్కదానికి గడ్డ కనిపించినా కట్ట మొత్తం వెనక్కి ఇచ్చేయండి.