గోడ మీద ఎండ పడే వేళకి పిలువు

చిరంజీవి పాపాయికి,

పిన్ని ఆశీస్సులు. నీ మెసేజ్ చదివినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. చండీగఢ్ ఇరవై రెండో సెక్టార్‌లో ఇల్లు దొరికిందన్నావు. చుట్టూ ఉన్న పాత ఇళ్లు చూస్తుంటే ముచ్చటేస్తోందని, ఆ వీధుల వాళ్లందరినీ ఒకచోట చేర్చి ఆ కట్టడాలకి పండగలాంటిది చేయాలని ఉందన్నావు. ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నావు. ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు కాపురం చేశాను, అందులో పదేళ్లు సరిగ్గా ఈ పనే చేశాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఈ ఊరికి ప్లాన్ గీసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియేని కాస్త పక్కన పెట్టు. హైకోర్టు, సెక్రటేరియట్, అసెంబ్లీ ఉన్న క్యాపిటల్ కాంప్లెక్స్ ఆయనది. 2016లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుర్తింపు కార్డు పట్టుకెళితే గైడ్ దగ్గరుండి చూపిస్తాడు, అందరూ కలిసి తప్పకుండా ఒకసారి వెళ్లండి. కానీ మీ పక్కింటావిడ పచ్చడి జాడీలు ఎండబెట్టుకునే డాబా, పిల్లలు కూర్చుని చదువుకునే వరండా ఆయన గీసినవి కావు. అవి ఆయన బంధువు పియెర్ జన్నరే, ఇంగ్లండ్ నుంచి వచ్చిన మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు, వాళ్ల పక్కన పనిచేసిన యూలీ చౌదరి, ఆదిత్య ప్రకాశ్, ఎం.ఎన్. శర్మ లాంటి మనవాళ్లు గీసినవి. ప్రభుత్వోద్యోగుల హోదాని బట్టి మొదట 13 రకాల ఇళ్లు అనుకున్నారు. అట్టడుగున ఉన్న ప్యూను ఇంటికి కూడా రెండు గదులు, వంటగది, వరండా, స్నానాలగది, మరుగుదొడ్డి, వెనక పెరడు ఇచ్చారు. ఇది 1950ల మాట! ఆ రోజుల్లో మన ఊళ్లలో ఎంతమంది చిన్న ఉద్యోగుల ఇళ్లలో మరుగుదొడ్డి ఉండేది? నన్నడిగితే ఆ ఊరి అసలు గొప్పతనం ఇదే. ఆ ఇళ్లలో ఉంటున్నవాళ్లకి ముందు ఈ సంగతి చెప్పు, వాళ్ల ముఖాలు ఎలా మారతాయో చూడు.

నేను మొదటిసారి చేసిన తప్పు నువ్వు చేయకు. ఒక హాలు అద్దెకు తీసుకుని, పేరున్న నిపుణుణ్ని పిలిచి, తెర మీద బొమ్మలు వేయించాను. రెండు గంటలు చీకట్లో కూర్చోబెట్టాను. మా వీధిలో లాహోర్ నుంచి చిన్నపిల్లగా వచ్చిన ఒక ముసలావిడ ఉండేది, సగంలో లేచి వెళ్లిపోయింది. మర్నాడు వాళ్ల గుమ్మం మీద కూర్చుంటే తనే మొదలుపెట్టింది. కొత్తగా వచ్చిన రోజుల్లో వీధి దీపాలు లేవట, రాత్రిళ్లు నక్కల కూతలు వినిపించేవట, కుళాయి తిప్పితే ఇంట్లోనే నీళ్లు వచ్చాయని వాళ్లమ్మ ఏడ్చిందట. హాల్లో రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పించలేనిది ఆవిడ ఆ గుమ్మం మీద పది నిమిషాల్లో చెప్పింది. ఆ రోజు నుంచి మా సమావేశాలన్నీ ఎవరో ఒకరి గుమ్మం ముందో పెరట్లోనో జరిగాయి.

ఇక వేళ. అందరూ ఆదివారం సాయంత్రం అంటారు, తీరిక కాబట్టి. ఆ గోడలు పనిచేసేది ఎండలో కదా, ఎండ ఉన్నప్పుడే పిలువు. మేముండిన క్వార్టర్‌కి ముందు వైపు ఇటుక జాలీ ఉండేది. మామూలు ఎర్ర ఇటుకే, ఒకటి విడిచి ఒకటి పేర్చి మధ్యలో కన్నాలు వదిలారు. పొద్దున తొమ్మిదింటికి ఆ కన్నాల్లోంచి ఎండ పడి వరండా నేలంతా గళ్ల చీర పరిచినట్టుండేది. పదకొండయ్యేసరికి గళ్లన్నీ గోడవైపు జరిగి సన్నబడి మాయమయ్యేవి. జూన్‌లో వేడిగాలి కొడుతున్నా ఆ వరండాలో చెయ్యి పెడితే ఇటుక చల్లగా తగిలేది. అందుకని ఒకే ఇంటికి రెండుసార్లు పిలువు, మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి. దక్షిణం కిటికీ పైన ముందుకు పొడుచుకొచ్చిన సిమెంటు అడ్డం చూపించు. వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఎండ గదిలోకి రాదు. చలికాలం కిందికి దిగుతాడు, అదే కిటికీలోంచి మంచం దాకా వస్తుంది. పిల్లల చేత నేల మీద సుద్దముక్కతో ఎండ గీత గీయించి పక్కన తేదీ రాయించు. ఎనిమిదేళ్ల పిల్లాడికి కూడా అర్థమైపోతుంది.

ఇంకో పని తప్పకుండా చెయ్యి. జన్నరే ఆఫీసులకని గీసిన టేకు, పేము కుర్చీలు నీకు తెలుసుగా, కాళ్లు ఏటవాలుగా ఉండేవి. మా కాలంలో పేము తెగితే వాటిని తుక్కు కింద అమ్మేశారు. అవే విదేశాల్లో వేలంపాటలో లక్షలు పలికాయని తర్వాత విన్నాం. 2011లో వాటిని దేశం దాటించకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఒకసారి మేం పేము అల్లే అతన్ని పిలిపించి వేపచెట్టు కింద కూర్చోబెట్టాం. ముందు పేమును నీళ్లలో నానబెట్టాడు. నానితే వంగుతుంది, ఆరాక బిగుస్తుంది. చట్రం కన్నాల్లోంచి నిలువు, అడ్డం, ఐమూల దాటిస్తూ అల్లుతుంటే ముప్పై మంది చుట్టూ నిలబడి అడుగు కదపలేదు. నీకు కుర్చీ దొరక్కపోతే స్టూలైనా చాలు. ఒక్క జాగ్రత్త, ఎవరింట్లో పాత కుర్చీ ఉందో ఫోటో తీసి ఎక్కడా పెట్టకు, దొంగల భయం ఉంది. ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా లోపల గదుల ఫోటోలు అసలే వద్దు.

తిండికి పెద్ద టెన్షన్ పడకు. టీ, సమోసాలు చాలు, ఇంటికొక ప్లాస్కు తెమ్మను. ప్లాస్టిక్ కప్పులు మాత్రం కొనకు.

నడకలు పెట్టినప్పుడు రెండు గంటలకి మించకు. మీ సెక్టార్‌లోనే ఫ్రై గీసిన కిరణ్ సినిమా హాలుంది, అక్కడ మొదలుపెట్టు. ఐదో సెక్టార్‌లో జన్నరే ఉన్న ఇల్లు మ్యూజియం చేశారు, అది ఇంకో రోజుకి ఉంచు. 1965 దాకా ఆయన ఈ ఊళ్లోనే ఉన్నాడు. పోయాక చితాభస్మాన్ని 1970లో సుఖ్నా చెరువులో కలిపారు. ఆ కథ చెరువు గట్టున నిలబడి చెప్పు, ఇంట్లో కూర్చుని చెప్పకు.

ఎవరైనా 'ఈ ముచ్చట్ల వల్ల ఏం ఒరుగుతుంది' అంటే ఒక సంగతి చెప్పు. మొదటి దశలో కట్టిన సెక్టార్లలో ఇళ్లను అంతస్తులవారీగా అపార్ట్‌మెంట్లు చేసి అమ్ముకోవడం మీద 2023 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, అలా చేయకూడదంది. ఆ కేసు వేసింది ఇళ్లవాళ్ల సంఘమే. ఇరుగుపొరుగు ఒకరినొకరు ఎరిగి ఉంటేనే కదా అలాంటి కేసు నడిచేది. అలాగని ఇంటికి మార్పులు చేసుకున్నవాళ్లని పదిమందిలో తప్పుపట్టకు. కుటుంబం పెరిగితే వరండాకి తలుపు పెట్టుకుంటారు, వాళ్లనీ పిలువు. తలుపు పెట్టకముందు అక్కడ గాలి ఎలా వచ్చేదో వాళ్లే చెబుతారు.

మొదటిసారికి ఆరుగురు వచ్చినా చాలు. వాళ్లలో డెబ్బై దాటినవాళ్లు ఇద్దరుండేలా చూసుకో, ముందురోజే వెళ్లి పిలువు, వాళ్లకి వీపు ఆనే కుర్చీలు వేయించు. వాళ్లు మాట్లాడుతుంటే ఒకరి చేత రాయించు.

మేముండిన క్వార్టర్ మీ వెనక వీధిలోనే, కిరణ్ నుంచి నడిచి వెళ్లే దూరం. నంబరు మీ అమ్మకి చెప్పాను. పెరట్లో మీ బాబాయి పెట్టిన జామచెట్టు ఇంకా ఉందేమో చూసి రాయి.

ఆశీస్సులతో,
మీ పిన్ని