షేర్ ఆపాకే షీటు మూయండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను బ్రాడీపేటలో ఇంటి దగ్గరే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. గుంటూరు, తెనాలి స్టూడియోల వాళ్లు ఫొటోలు హార్డ్ డిస్కులో పంపిస్తారు. ఈ మధ్య పెళ్లివారు అమెరికా నుంచి జూమ్‌లో ఆల్బమ్ షీట్లు చూస్తూ మార్పులు చెబుతున్నారు. మొన్న స్క్రీన్ షేర్ చేసి ఫొటోషాప్ తెరవగానే వేరే కస్టమర్ల ఫొటోలు వరసగా కనిపించాయి. అందులో గర్భిణిగా ఫొటోలు తీయించుకున్న ఒక అమ్మాయిని చూసి, అవతల పెళ్లికూతురి అత్తగారు “ఈ పిల్ల మా చుట్టాలమ్మాయే, మాకెవరికీ చెప్పలేదే!” అన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఆ ఫొటోలు ఎవరికీ కనిపించకుండా చేయడం ఎలా?
– ఒక డిజైనర్, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు కంగారు పడటం సహజం. కంప్యూటర్ మీ సొంతమే అయినా, అందులోని ముఖాలు మిమ్మల్ని నమ్మి ఫొటోలు ఇచ్చినవారివి. గుంటూరులో రెండు ఇంటిపేర్లు కలిపితే చాలు, ఎక్కడో ఒక చుట్టరికం తేలుతుంది. కాబట్టి అన్నిటికంటే ముందు ఆ స్టూడియో వారితో మాట్లాడి, జరిగింది ఆ అమ్మాయికి తెలిసేలా చూడండి. తన శుభవార్త బయటికి వెళ్లిందని బంధువుల నోట వినడం కంటే మీ వైపు నుంచి తెలియడం ఆమెకు మేలు.

ఇక పనిలోకి వద్దాం. మీరు చూసిన దాన్ని హోమ్ స్క్రీన్ అంటారు. ఇటీవల తెరిచిన ఫైళ్లను ఫొటోషాప్ అక్కడ చిన్న బొమ్మలుగా, పేర్లతో సహా పేరుస్తుంది. మామూలుగా ఇరవై ఫైళ్లను గుర్తుపెట్టుకుంటుంది. ఫైల్ మెనూలో ఓపెన్ రీసెంట్ దగ్గరికి వెళ్లి, అట్టడుగున ఉన్న క్లియర్ రీసెంట్ ఫైల్ లిస్ట్ నొక్కితే ఆ వరస చెరిగిపోతుంది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, భయం లేదు. కానీ మీరు మరో ఫైలు తెరవగానే జాబితా మళ్లీ మొదలవుతుంది. అందుకని ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో ఫైల్ హ్యాండ్లింగ్ తెరిచి, రీసెంట్ ఫైల్ లిస్ట్ కంటైన్స్ అన్న చోట 20 తీసేసి 0 వేయండి. అదే ప్రిఫరెన్సెస్‌లో జనరల్ కింద ఆటో షో ద హోమ్ స్క్రీన్ అన్న టిక్కు కూడా తీసేయండి. గవర్నర్‌పేటలో పిల్లలకు ఫొటోషాప్ నేర్పేటప్పుడు బ్రష్షు పట్టించడానికి ముందే నేను ఈ టిక్కు తీయిస్తాను.

ఇంత చెప్పినా మీ వంటి వారికి ఒక చిక్కు ఉంది. రోజంతా నాలుగైదు పెళ్లిళ్ల షీట్ల మధ్య తిరిగేవారికి ఆ జాబితా నిజంగా అవసరం. అది లేకపోతే ప్రతిసారీ ఫోల్డర్లు వెతుక్కోవాలి. విసుగొచ్చి వారం తిరగకుండానే ఆ సున్నాను మళ్లీ ఇరవై చేస్తారు. అందుకే నేను ఎక్కువగా మొగ్గు చూపేది వేరే పద్ధతికి: కస్టమర్లకు చూపించడానికే విండోస్‌లో మరో యూజర్ అకౌంటు తెరవండి. ఇటీవలి ఫైళ్ల జాబితా ఏ అకౌంటుకు ఆ అకౌంటుకే ఉంటుంది. మీ పని అకౌంటులో జాబితా అలాగే ఉంచుకోవచ్చు, చూపించే అకౌంటులో మాత్రం పైన చెప్పినట్టు సున్నా పెట్టేయండి. ఆ పెళ్లి షీట్లను రెండు అకౌంట్లకూ అందే చోట, డీ డ్రైవ్‌లో ప్రత్యేక ఫోల్డర్‌లో పెట్టండి. కొత్త అకౌంటులో మీ యాక్షన్లు (పదే పదే చేసే పనులను ఒక్క నొక్కుతో చేయించేవి) ఉండవు, మళ్లీ లోడ్ చేసుకోవాలి. పేర్లు రాసే తెలుగు ఫాంట్లు కనిపించకపోతే, ఫాంటు ఫైలు మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అన్నది ఎంచుకోండి. పెళ్లికూతురు పేరు స్క్రీన్ మీద చతురస్రాలుగా కనిపిస్తే అదో తలనొప్పి.

“మొత్తం స్క్రీన్ కాకుండా ఫొటోషాప్ విండో ఒక్కటే షేర్ చేస్తే సరిపోదా?” అని చాలామంది అడుగుతారు. వాట్సాప్ సందేశాలు, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు కనపడకుండా ఉండటానికి అది మంచిదే, తప్పక చేయండి. కానీ హోమ్ స్క్రీన్ ఆ విండో లోపలిదే కదా! విండోతో పాటు అదీ అమెరికా వెళుతుంది. అందుకని వరస ముఖ్యం. ముందు షీటు తెరవండి, ఆ తరువాత షేర్ నొక్కండి. ముగించేటప్పుడు ముందు షేర్ ఆపి, తరువాత షీటు మూయండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆఖరి షీటు మూయగానే, ఆ టిక్కు తీయకపోతే హోమ్ స్క్రీన్ మళ్లీ వచ్చి నిలబడుతుంది. అవతలివారు “థాంక్సండీ” అంటూ ఇంకా చూస్తూనే ఉంటారు. రికార్డింగ్ నడుస్తుంటే అదంతా వాళ్ల దగ్గర ఉండిపోతుంది.

కాల్ మధ్యలో మరో ఫైలు తెరవడానికి కంట్రోల్ ఓ నొక్కినా ప్రమాదమే. కిందటిసారి ఫైలు ఎక్కడ తెరిచారో ఆ ఫోల్డరే బొమ్మలతో సహా విప్పుకుంటుంది. ఆ పెళ్లికి కావలసిన షీట్లన్నీ ముందే తెరిచి ఉంచుకోండి. పని అకౌంటు నుంచే చూపించక తప్పకపోతే, టాస్క్‌బార్‌లో ఫొటోషాప్ గుర్తు మీద కుడి క్లిక్ చేయకండి, అక్కడా పేర్లు దిగుతాయి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, స్టార్ట్ కింద రీసెంట్లీ ఓపెన్డ్ ఐటమ్స్ చూపించే మీట ఉంది, దాన్ని ఆపేస్తే ఆ పేర్లు పోతాయి.

ఫైలు పేర్ల సంగతి కూడా చెప్పాలి. మన డిజైనర్లు ఫైలు పేరులోనే పెళ్లికొడుకు పేరు, ఊరు, “బ్యాలెన్సు 8000 రావాలి” అని రాసేస్తారు. బొమ్మ కనపడకపోయినా షీటు తెరవగానే పైన ట్యాబు మీద ఆ పేరు కనిపిస్తుంది. బ్యాలెన్సు లెక్క నోటు పుస్తకంలో ఉండనివ్వండి. ఫైలుకు తేదీ, షీటు నంబరు చాలు.

ప్రశ్న: విజయవాడలో దస్తావేజులు టైపు చేస్తాను. పార్టీలు నా పక్కనే కూర్చుని మానిటర్ చూస్తుంటారు. వర్డ్ తెరవగానే పాత అమ్మకం పత్రాలు, వీలునామాల పేర్లు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: స్క్రీన్ షేర్ లేకపోయినా మీ ఇబ్బంది కూడా అలాంటిదే, పరిష్కారం ఇంకా సులువు. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ తెరిచి డిస్‌ప్లే అన్న భాగం దాకా కిందికి రండి. షో దిస్ నంబర్ ఆఫ్ రీసెంట్ డాక్యుమెంట్స్ అన్న చోట 50 ఉంటుంది, 0 చేయండి. ఒక్క పత్రాన్నే దాచాలంటే జాబితాలో దాని మీద కుడి క్లిక్ చేసి రిమూవ్ ఫ్రమ్ లిస్ట్ నొక్కితే చాలు. వీలునామాల ఫోల్డర్‌ను మాత్రం డెస్క్‌టాప్ మీద ఉంచకండి. ఒక కొడుకు పక్కన కూర్చున్నప్పుడు మరో కొడుకు పేరున్న వీలునామా కంటపడితే, ఆ ఇంట్లో రేగే గొడవను మీరు ఆపలేరు.