ఓపీలో హిస్టెరోస్కోపీయా, డే కేర్‌లో మత్తు ఇచ్చి చేయించుకోవడమా? రెండూ చూసిన అనుభవంతో

మీకు 46 ఏళ్లనీ, నెలసరిలో రక్తస్రావం ఎక్కువై స్కానింగ్ తీస్తే గర్భాశయంలో చిన్న పాలిప్ (లోపలి పొర నుంచి పెరిగిన కండలాంటి ముక్క) కనిపించిందనీ, దాన్ని హిస్టెరోస్కోపీతో, అంటే యోని గుండా సన్నని కెమెరా గొట్టం గర్భాశయంలోకి పంపే పద్ధతిలో, ఓపీలోనే మత్తు లేకుండా తీయించుకోవాలా, మత్తు ఇచ్చి అదే రోజు ఇంటికి పంపే డే కేర్‌లో చేరాలా అనీ అడిగారు. రెండేళ్ల తేడాతో నాకు ఈ రెండు పద్ధతులూ అనుభవంలోకి వచ్చాయి.

మొదటిసారి ఓపీలోనే. ఉపవాసం అక్కర్లేదు, పది నిమిషాల పని, నెలసరి నొప్పిలాంటిది కాసేపు ఉంటుందని చెప్పారు. లోపలికి పంపే గొట్టం సాధారణంగా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లే ఉంటుంది. కానీ లోపల కనిపించాలంటే సెలైన్ ఎక్కించి గర్భాశయాన్ని కొద్దిగా ఉబ్బించాలి. పొత్తికడుపును పిండేసే నొప్పి ముఖ్యంగా అప్పుడే మొదలవుతుంది. నా ఇద్దరు పిల్లలూ నొప్పులు రాకముందే సిజేరియన్‌తో పుట్టినవారు కావడంతో గర్భాశయ ముఖద్వారం ఎన్నడూ పూర్తిగా తెరుచుకోలేదు. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. తెరమీద గులాబీ రంగు గోడల మధ్య పాలిప్ చిన్న నాలుకలా ఊగుతూ కనిపిస్తుండగానే ఒళ్లంతా చెమట పట్టి, చెవుల్లో హోరు మొదలై, కళ్లు మసకబారాయి. నాడి పడిపోయిందంటూ డాక్టరు అక్కడితో ఆపేశారు. కాళ్లు ఎత్తుగా పెట్టి అరగంట పడుకోబెట్టారు. ఆ నొప్పికన్నా, ఓర్చుకోలేకపోయానన్న సిగ్గే నన్ను ఎక్కువ రోజులు బాధించింది.

ఆ సిగ్గు అనవసరమని తరువాత తెలిసింది. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ ఈ పరీక్ష గురించి రోగుల కోసం ఇచ్చిన సమాచారంలో, ఏ క్షణంలోనైనా ఆపమనవచ్చనీ, మొదటినుంచే మత్తు కోరుకోవచ్చనీ స్పష్టంగా ఉంది. మా తోడికోడలు మాత్రం ఇదే పని ఓపీలో చేయించుకుని, ఆటోలో ఇంటికొచ్చి సాయంత్రం వంట కూడా చేసింది. ఆమెవి రెండూ మామూలు కాన్పులు. అందువల్ల ఓపీ పద్ధతే చెడ్డదని నేను అనను. మీకు సాధారణ కాన్పు కాకపోయినా, నెలసరి నొప్పి తీవ్రంగా ఉండేదైనా, పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసే పరీక్ష) అప్పుడు బాధపడినా ఆ మాట ముందే చెప్పండి. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చా, ముఖద్వారం దగ్గర మొద్దుబారే ఇంజెక్షన్ ఇస్తారా, మధ్యలో ఆపితే తరువాత ఏం చేస్తారని కూడా అడగండి.

రెండోసారి డే కేర్. ముందురోజు రక్తపరీక్షలు, ఈసీజీ, మత్తు డాక్టరుతో మాటలు. అర్ధరాత్రి నుంచి తిండి లేదు. కళ్లు తెరిచేసరికి పాలిప్ లేదు, గొంతు మాత్రం గరగరలాడింది. సాయంత్రానికి ఇల్లు చేరినా, ఆ రాత్రి పక్కన మనిషి ఉండాలనీ, ఒక రోజంతా బండి నడపకూడదనీ చెప్పడంతో మావారు సెలవు పెట్టారు. ఖర్చు కూడా ఎక్కువే. అయితే నా ఇన్సూరెన్స్ పాలసీ డే కేర్ బిల్లును ఇచ్చింది, ఓపీ బిల్లును ఇవ్వలేదు. మీ పాలసీ పత్రం ఒకసారి చదువుకోండి. మళ్లీ పాలిప్ తీయించుకోవలసి వస్తే నేను డే కేర్‌కే వెళ్తాను, కేవలం లోపలికి చూడడానికైతే ఇంజెక్షన్ ఇస్తామంటే ఓపీకి ఒప్పుకుంటాను.

ఎక్కడ తీయించుకున్నా, తీసిన ముక్కను బయాప్సీకి పంపారో లేదో కనుక్కుని, రిపోర్టు కాగితం చేతికి తీసుకోండి. నాది వారం దాటినా రాకపోతే నేనే ఫోన్ చేసి తెప్పించుకోవలసి వచ్చింది.