ఎవరైనా పడితే ముందు తల పట్టుకో

చి. కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

ఆటల్లో దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల కోసం డబ్బు పోగు చేస్తూ, పదిమందీ కలిసి హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా సైకిళ్ల మీద వెళ్తున్నారటగా. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "మీరైనా వద్దని చెప్పండి బావగారూ" అంది. నేను చెప్పను. మన ఇంట్లో ఒకడికి ఈ ఆలోచన వచ్చిందని తెలిసి రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, టెన్షన్ కొంత.

సైకిల్ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. రెండు రోజులు పెట్టుకోండి, మొదటి రాత్రి సూర్యాపేటలో ఆగండి. తెల్లారకుండా బయల్దేరకండి. 65 నంబరు హైవే మీద రాంగ్ రూట్లో వచ్చే బైకులు చీకట్లో కనపడవు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకోవాలి, నీలాగా వేలాడేసుకోవడం కాదు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది.

1994 సంక్రాంతి కబడ్డీ పోటీలు. మట్టి కోర్టు. మా టీమ్ రైడర్‌కి 19 ఏళ్లు. కూతకి వెళ్లి తిరిగొస్తుంటే ముగ్గురు మీద పడ్డారు. వాళ్లు లేచారు, వాడు లేవలేదు. దగ్గరికెళ్తే, "సార్, కాళ్లు తెలియట్లేదు" అన్నాడు. నేను పీఈటీని, అంటే ఆటల మాస్టార్ని, పెద్దవాణ్ణి, అందరూ నా వైపే చూస్తున్నారు. కంగారులో, "పట్టుకోండ్రా, జీపెక్కించండి" అన్నాను. ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ల దగ్గర పట్టుకుని లేపారు. తల వెనక్కి వాలిపోయి ఊగుతోంది. దాన్ని పట్టుకోవాలని మాలో ఒక్కడికీ తోచలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ముందు అడిగింది, "ఎలా తీసుకొచ్చారు?" అని. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. పడ్డప్పుడే అంతా అయిపోయిందో, మేం లేపడం వల్ల ఇంకా పాడైందో ఎవరూ చెప్పలేకపోయారు. నాకు మాత్రం ఆ ఊగిన తలే గుర్తుంది.

11 ఏళ్లు మంచం మీదే ఉన్నాడు. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి వాళ్లమ్మ వాణ్ణి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పేది. ఒక వానాకాలం ఆమెకి జ్వరమొచ్చి నాలుగు రోజులు లేవలేకపోయింది. తిప్పేవాళ్లు లేక నడుం కింద పుండు పడింది. మొదట రూపాయి బిళ్లంత. వాడికి నొప్పి తెలియదు కదా, ఎవరూ చూడలేదు. చివరికి ఆ పుండు చీము పట్టే పోయాడు.

అందుకే నాన్నా, మీలో ఎవరైనా పడి మెడ నొప్పన్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరన్నా, కదలట్లేదన్నా లేపొద్దు. ఒకడు తల దగ్గర కూర్చుని రెండు చేతులతో అది కదలకుండా పట్టుకోవాలి. ఒకడు 108కి ఫోన్ చేయాలి, ఇద్దరు వెనక వచ్చే బండ్లని ఆపాలి. ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ తీయొద్దు. నీళ్లు అసలు తాగించొద్దు. కదపక తప్పకపోతే నలుగురైదుగురు కలిసి, తలా మెడా నడుమూ ఒకే వరసలో ఉంచి, దుంగని దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పాలి. బయల్దేరే ముందు గడ్డిలో ఒకణ్ణి పడుకోబెట్టి మీరంతా రెండుసార్లు చేసి చూడండి. సిగ్గుపడొద్దురా.

పోగైన డబ్బుతో అన్నీ వీల్‌చెయిర్లే కొనకండి. గాలి పరుపులు, కుర్చీలో వేసుకునే మెత్తటి దిండ్లు, మూత్రం గొట్టాలు, ఇంటికొచ్చే ఫిజియోథెరపీ మనిషి జీతం, వీటికి ఎవరూ ఇవ్వరు. అలాంటి తల్లికి రాత్రి ఒక్క నాలుగు గంటలు నిద్ర దొరికేలా చూస్తే చాలు.

రెండోరోజు కోదాడలో నా దగ్గర ఆగాలి. మజ్జిగలో ఉప్పు వేసి ఉంచుతాను. నీ కాళ్లకి నేనే నూనె రాస్తాను, వద్దనకు. ఆ అబ్బాయి వాళ్లమ్మ కూడా వస్తానంది. ఆమెకి చదువు రాదు. మీ చొక్కాల మీద ఏం రాసుందో నువ్వే చదివి వినిపించు.

మీ పెదనాన్న