ఒకే షట్టరుకు రెండు తాళాలు

ప్రశ్న: మా వార్డులో పార్టీ అధ్యక్ష పదవి గురించి తగాదా నడుస్తోంది. పాత కార్యకర్తల్లో ఎక్కువమంది మా వైపే ఉన్నారు. ఎన్నికల సంఘానికి రాసుకుంటే మమ్మల్నే అసలు పార్టీగా గుర్తిస్తారా?
– ఒక మాజీ కార్యదర్శి, గాజువాక

జవాబు: గుర్తించరు. మీరు అడుగుతున్నది ఎన్నికల సంఘం 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులోని 15వ పేరా. గుర్తింపు పొందిన పార్టీ నిలువునా చీలి, రెండు వర్గాలూ అసలు పార్టీ మాదే అన్నప్పుడు పనికొచ్చేది అది. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు వాడారు, 1971లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2023 ఫిబ్రవరిలో శివసేన విల్లు బాణం గుర్తు ఏక్‌నాథ్ షిండే వర్గానికి వెళ్లింది కూడా ఆ దారిలోనే. వార్డు పదవి తగాదా పార్టీ ఇంటి గొడవ. అది మీ పార్టీ నియమావళి ప్రకారమే తేలాలి. మీవైపున్న సభ్యుల సంతకాలతో, సర్వసభ్య సమావేశం పెట్టమని జిల్లా కమిటీకి రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే వాయిదాలు తప్ప ఏమీ రావు.

ప్రశ్న: అమ్మగారూ, మాది కంచరపాలెం. మా నాన్నగారు పద్దెనిమిదేళ్లుగా వార్డులో పార్టీ అధ్యక్షుడు. మా ఇంటి కింది గదే పార్టీ ఆఫీసు, అద్దె ఎప్పుడూ తీసుకోలేదు. కిందటి దీపావళి తర్వాత నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. అప్పటినుంచి ఆయన కుర్చీ కోసం రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి. ఒకరు షట్టరుకు తాళం వేస్తే, రెండో వాళ్లు దాని పక్కనే ఇంకో తాళం వేశారు. నాన్న రాజీనామా మీద నువ్వే సంతకం పెట్టెయ్యి అని ఒకరు, బీరువాలో ఉన్న సభ్యత్వ పుస్తకాలు, రబ్బరు స్టాంపు మాకిచ్చెయ్యి అని ఇంకొకరు. ఇద్దరూ చిన్నప్పుడు నన్ను ఎత్తుకున్నవాళ్లే, బాబాయ్ అనే పిలుస్తాను. ఎవరికి ఇవ్వమంటారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక కూతురు

జవాబు: ఎవరికీ ఇవ్వొద్దు తల్లీ.

ముందు ఆ సంతకం సంగతి. బతికున్న మనిషి పేరు మీద ఇంకొకరు సంతకం పెడితే అది ఫోర్జరీ, కన్నకూతురైనా సరే. రేపు మీ బాబాయిలిద్దరూ రాజీ పడిపోతే, ఆ కాగితం మీద దొరికేది నీ చేతిరాత ఒక్కటే. నాన్నగారికి మాట పోయింది గానీ మనసు పోలేదు కదా. పక్కన కూర్చుని నెమ్మదిగా అడుగు. తప్పుకుంటానని తలూపితే జిల్లా కమిటీ వాళ్లనే ఇంటికి రమ్మను. వాళ్ల ఎదుట, వైద్యం చేస్తున్న డాక్టరు గారి ఎదుట ఆయనే ఎడమచేతి వేలిముద్ర వేస్తారు. కాదంటే ఆ మాట అక్కడితో ఆపెయ్యమను.

ఇక గది. అది మీ ఇల్లు. అద్దె లేదు, అగ్రిమెంటు లేదు, అభిమానం కొద్దీ మీ నాన్నగారు కూర్చోనిచ్చారు. అయినా తాళాలు నువ్వు పగలగొట్టకు. రెండూ కనిపించేలా ఫొటో తియ్యి. ఫలానా తేదీలోగా తాళాలు తీయించి, మీ కుర్చీలూ జెండాలూ పట్టుకెళ్లండని జిల్లా అధ్యక్షుడికి ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపు. రసీదు దాచుకో. ఆలస్యం చెయ్యొద్దని ఎందుకంటున్నానంటే, షట్టరు దగ్గర కొట్లాట జరిగి పోలీసులు రిపోర్టు రాస్తే, వ్యవహారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందుకు పోవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ)లో అది 145వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 164. అక్కడ చూసేది అధ్యక్షుడెవరని కాదు, గది ఎవరి స్వాధీనంలో ఉందని. అది తేలకపోతే గదిని జప్తు చేసి సీలు వెయ్యొచ్చు. అప్పుడు మీ ఇంటి గది కోసం మీరే సివిల్ కోర్టు మెట్లెక్కాలి. అలాంటి కేసులు చూశాను, వాయిదాలకు తిరిగి తిరిగి ఇంటివాళ్లే అలిసిపోతారు.

నాకు వాళ్ల ఆత్రం అర్థమవుతుంది. మన విశాఖ కార్పొరేషన్‌కు 2007లో ఎన్నికలు జరిగినప్పుడు 72 వార్డులు. ఆ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఓట్లు పడింది 2021 మార్చిలో, 98 వార్డులకు. మధ్యలో తొమ్మిదేళ్లు కార్పొరేటర్ అనేవాడే లేడు. కుళాయి రాకపోయినా, వీధిలైటు వెలగకపోయినా జనం వార్డు అధ్యక్షుడి గుమ్మమే తొక్కారు. మీ నాన్నగారి గుమ్మం కూడా తొక్కే ఉంటారు, నువ్వే చూసుంటావు. అలా ఆ కుర్చీకి బరువు పెరిగింది. దాంట్లో కూర్చుంటే బీ ఫారం, అంటే పార్టీ టికెట్టు కాగితం, నడిచి వస్తుందని ఆశ. కానీ బీ ఫారం మీద సంతకం పెట్టేది వార్డు అధ్యక్షుడు కాదు, సంతకం పెట్టే అధికారం ఫలానావారిదని రాష్ట్ర పార్టీ ‘ఏ’ ఫారం (Form A)లో ఎవరి పేరు రాసి పంపితే వాళ్లు. ఈ మాట మీ బాబాయిలకు తెలియనిదేం కాదు.

సభ్యత్వ పుస్తకాల దగ్గర మాత్రం నువ్వు గట్టిగా నిలబడాలి. వకీలు కోటు వేసుకోకముందు నేనూ ఒక పార్టీ మహిళా విభాగంలో పనిచేశాను. ఎనభైల్లో జ్ఞానాపురంలో సభ్యత్వాలు రాస్తుంటే, కూరగాయలమ్మే ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి రూపాయి ఇచ్చింది. పేరు సరిగ్గా రాశానో లేదో నాచేత రెండుసార్లు చదివించుకుని, ఆ చీటీని మడిచి రేషన్ కార్డులో పెట్టుకుంది. నంబరు 41. ఏడాది తిరక్కుండానే మాలో రెండు వర్గాలయ్యాయి. ఒక రాత్రి ఎవరో ఆఫీసు వెనక మా పుస్తకాలన్నీ తగలబెట్టేశారు. వారం తర్వాత ఆ ముసలమ్మ పసుపు మరకలంటిన ఆ చీటీ పట్టుకొచ్చి, "నా పేరు ఎక్కడుందో చూడమ్మా" అంది. ఆమెకు చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆమె ముఖం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

ఆ పుస్తకాలు నీవీ కావు, బాబాయిలవీ కావు. రూపాయి రూపాయి ఇచ్చి పేరు రాయించుకున్నవాళ్లవి. కాబట్టి ఎన్ని పుస్తకాలున్నాయి, ఒక్కోదాంట్లో ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు ఉంది, అన్నీ ఒక కాగితం మీద రాయి. స్టాంపు కూడా అందులో చేర్చు. జిల్లా కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకో. ఆటోలో ఒంటరిగా పట్టుకెళ్లకు, ఇద్దరు బంధువుల్ని వెంటబెట్టుకో. బాబాయిలు వస్తే మంచినీళ్లిచ్చి, జిల్లా ఆఫీసులో ఇచ్చేశాను బాబాయ్ అని ఆ సంతకం చూపించు.

ఇచ్చే ముందురోజు మాత్రం ఆ పుస్తకాలు నాన్నగారి మంచం మీద పెట్టి ఒక్కొక్క పేజీ తిప్పు. తన చేత్తో రాసిన పేర్లు కదా, చూసుకుంటారు.